బాకీలు గుర్తుండని కిరాణా షాపాయన: మెదడులో సిస్టు, మతిమరుపు, ఒక కేసు మొత్తం

మెదడులో పురుగు అనగానే ఎవరైనా ముందు ఫిట్స్ గురించి అడుగుతారు, తర్వాత "అది మెదడుని తినేస్తుందా అండీ" అంటారు, మతిమరుపు సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. మా న్యూరాలజీ వైపు కూడా ఎక్కువగా జరిగేది ఏంటంటే ఫిట్స్ ఆగాయా, స్కాన్‌లో మచ్చ తగ్గిందా, అయితే సరే ఇక వెళ్ళిరండి అనడం, ఆ మనిషేమో ఇంటికెళ్ళి ఎక్కడో పెట్టిన తాళాలు వెతుక్కుంటూ ఉంటాడు. ఈ కేసు రాస్తున్నది అందుకే. న్యూరోసిస్టిసెర్కోసిస్, అంటే బద్దె పురుగు పిల్ల మెదడులో తిత్తి కట్టే జబ్బు, ఉన్న మనిషికి జ్ఞాపకశక్తి తగ్గితే "పురుగు ఉంది కాబట్టి తగ్గింది" అనుకుని పురుగు మందు రాసేస్తే సగం పని కూడా అవ్వదు, జ్ఞాపకాన్ని లాగేసేవి ఒకటికి నాలుగుంటాయి, ఏది ఎంత లాగుతోందో విడదీసి చూస్తేనే ఎంతో కొంత తిరిగొస్తుంది. పేషెంటు, వాళ్ళావిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. పేరు మరీ పెద్దది కాబట్టి ఇక్కడ్నుంచి ఎన్‌సీసీ అంటా, స్కూల్లో కవాతు చేసే ఎన్‌సీసీ కాదులెండి.

పేషెంటుకి 46 ఏళ్ళు, పల్నాడు వైపు ఒక మండల కేంద్రంలో కిరాణా కొట్టు, ఇంటర్ దాకా చదువు, కుడిచేతి వాటం, మందు సిగరెట్ ఏమీ లేవు. ఖాతా మీద సరుకు తీసుకెళ్ళే ఇళ్ళు వందకి పైనే ఉంటాయట, ఎవరి బాకీ ఎంతో పుస్తకం తీయకుండా చెప్పేవాడని వాళ్ళావిడ కొంచెం గర్వంగానే చెప్పింది. అలాంటాయన ఏడెనిమిది నెలల్నుంచి కట్టిన బాకీ కొట్టేయడం మర్చిపోతున్నారు, హోల్‌సేల్ వాళ్ళకి పొద్దున ఆర్డర్ చెప్పి మధ్యాహ్నం మళ్ళీ అదే ఆర్డర్ చెప్తున్నారు, ఒకావిడ రెండు వేలు కట్టేసి వెళ్తే వారానికి మళ్ళీ అడిగారు, ఆవిడ రోడ్డు మీద నిలబెట్టి కడిగేసింది. గొడవ అయ్యాక ఇంటికొచ్చి ఆయన ఏడ్చారట. మా దగ్గరికి తీసుకొచ్చింది ఆ గొడవే. ఆయన మటుకు "నాకేం లేదండీ, ఈ మధ్య నిద్ర సరిపోవట్లేదంతే" అన్నారు.

ఫైలు లావుగానే ఉంది. తొమ్మిది నెలల క్రితం ఒకరోజు తెల్లవారుజామున నిద్రలో చేతులు కాళ్ళు కొట్టుకుని, నాలుక కొరుక్కుని, పక్క తడిపేసుకున్నారు. అప్పుడు సీటీ తీస్తే ఎడమవైపు ఒక రింగు మచ్చ, "టీబీ గడ్డా, ఎన్‌సీసీనా తేల్చుకోవాలి" అని రిపోర్టు. ఒకచోట టీబీ మందులు తొమ్మిది నెలలు వాడమని చీటీ రాశారు, వీళ్ళు భయపడి మొదలుపెట్టలేదు. ఇంకోచోట ఫిట్స్‌కి ఫినోబార్బిటోన్ రాత్రికి 90 మిల్లీగ్రాములు రాశారు, అది మాత్రం క్రమం తప్పకుండా వాడుతున్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ బీ12 ఇంజెక్షన్లు, మెమరీ టానిక్. ఒకరు డిప్రెషన్ అన్నారు. ఎవరూ పూర్తిగా తప్పు కాదు, అదే ఇందులో తమాషా, తలా ఒక ముక్క పట్టుకున్నారు.

హిస్టరీలో అసలు విషయం వాళ్ళావిడ నోట్లోంచి వచ్చింది, అదీ నేను అడిగిన ప్రశ్నకి కాదు, మాటల్లో. "ఈయన కందిపప్పు తూస్తూ తూస్తూ ఆగిపోతారండీ, లెక్క వేసుకుంటున్నారేమో అనుకునేదాన్ని." ఆగిపోవడం అంటే ఎలా అని గుచ్చి గుచ్చి అడిగితే, కాటా వైపు చూస్తుంటారు కానీ చూపు అక్కడ ఉండదు, నోట్లో ఏదో ఉన్నట్టు చప్పరిస్తారు, గుటకలు వేస్తారు, ఎడంచెయ్యి చొక్కా గుండీల మీద తడుముతుంటుంది, కుడిచేతిలో పప్పు చేట అలాగే బిగుసుకుపోయి ఉంటుంది, ఓ నిమిషానికి తేరుకుని "ఎంత కావాలన్నావమ్మా" అని మళ్ళీ అడుగుతారు, ఆ తర్వాత కాసేపు వస్తువుల పేర్లు కూడా సరిగా రావు, జీలకర్రని "అదీ... ఆ పోపులోది" అంటారట. న్యూరాలజీ చదివినవాళ్ళకి ఇక్కడే బొమ్మ పూర్తయిపోతుంది. ఎడంచెయ్యి తడుముతూ కుడిచెయ్యి బిగుసుకుంటే, తర్వాత మాట తడబడితే, ఫిట్స్ ఎడమ టెంపోరల్ లోబ్‌లోంచి, అంటే ఎడమ కణత లోపలుండే మెదడు భాగంలోంచి, వస్తున్నాయని అర్థం. కింద పడి కొట్టుకుంటేనే ఫిట్స్ అనే లెక్క మన దగ్గర ఇంకా గట్టిగా ఉంది, ఇలా నిలబడి చేసే ఫిట్స్‌ని ఇంట్లోవాళ్ళే కాదు చాలాసార్లు డాక్టర్లు కూడా పరధ్యానం ఖాతాలో వేసేస్తారు.

కొట్లో సీసీ కెమెరా ఉందా అని అడిగా. ఈ రోజుల్లో ఏ కొట్లో లేదు! వాళ్ళబ్బాయి వారం రోజుల ఫుటేజీ కూర్చుని చూసి ముక్కలు కత్తిరించి పంపాడు, కొట్టు తెరిచి ఉన్న టైములోనే తొమ్మిది సార్లు వచ్చాయి. ఒక క్లిప్పులో ఒకాయన వచ్చి డబ్బులు చేతికిచ్చి, ఏదో చెప్పి, వెళ్ళిపోతాడు, మనాయన డబ్బులు గల్లాపెట్టెలో వేస్తారు కూడా, కానీ ముఖం చూస్తే మనిషి అక్కడ లేడు. అరగంట తర్వాత ఆ డబ్బుల గురించి అబ్బాయి అడిగితే "ఎవరూ రాలేదే" అన్నారు. అంటే బాకీ కట్టిన సంగతి ఆయన మర్చిపోవడం కాదు, అది లోపలికి వెళ్ళనేలేదు. పద్దు రాసి చెరిగిపోవడం వేరు, పద్దు రాయకుండానే పేజీ తిప్పేయడం వేరు, ఈయనది రెండో రకం, కనీసం కొంత భాగం.

పరీక్షలో బలహీనత ఏం లేదు, కంటి వెనక నరం వాపు లేదు, చర్మం కింద గడ్డలు లేవు. జ్ఞాపకానికి ఏసీఈ టెస్టు తెలుగు వెర్షన్ చేశాం, హైదరాబాద్ నిమ్స్ వాళ్ళ పుణ్యమా అని తెలుగులో మన జనానికి సరిపడేలా అది ఉంది. వందకి 71 వచ్చింది. మొత్తం కన్నా విడి మార్కులే ముఖ్యం: అటెన్షన్ 18కి 16, భాష 26కి 23, బొమ్మలు గీయడం వగైరా 16కి 14, ఇవన్నీ పర్లేదు, మెమరీ మాత్రం 26కి 11, పదాలు గబగబా చెప్పడం 14కి 7. పదిహేను పదాల లిస్టు ఐదుసార్లు చదివి వినిపిస్తే ఐదోసారికి 8 చెప్పారు, అరగంటాగి అడిగితే 2. బొమ్మ చూపించి తర్వాత గుర్తుతెచ్చుకుని గీయమంటే బాగానే గీశారు. మాటల జ్ఞాపకం పోయి బొమ్మల జ్ఞాపకం నిలబడిందంటే కుడిచేతి వాటం వాళ్ళలో మళ్ళీ ఎడమ టెంపోరల్ వైపే వేలు చూపిస్తుంది. ఇంకోటి టెస్టు పేపర్లలో లేనిది చేశాం, పాత బాకీలు అడిగాం. రెండేళ్ళ కిందటి లెక్కలు, ఎవరింటి పెళ్ళికి ఎన్ని బస్తాలు వెళ్ళాయి, అవన్నీ పుస్తకంతో సరిపోయాయి. కిందటి నెలవి అడిగితే ఖాళీ.

డిప్రెషన్ స్కోరు మధ్యస్థంగా ఉంది. థైరాయిడ్ నార్మల్, బీ12 ఇంజెక్షన్ల వల్ల నిండుగా ఉంది, హెచ్‌ఐవీ నెగెటివ్, ఛాతీ ఎక్స్‌రే శుభ్రం, మూడు నెలల షుగర్ సగటు 6.1, అంటే గీత మీద ఉన్నారు. మెదడు కరెంటు గీతలు తీసే ఈఈజీ మొదటిసారి నార్మల్ వచ్చింది, అది చూసి ఆగిపోకూడదు, రాత్రంతా మేలుకోమని మర్నాడు నిద్రలో తీస్తే ఎడమ టెంపోరల్‌లో స్పైకులు, అంటే ఫిట్స్ గుణాన్ని చూపే సూదిమొన గీతలు, వరసగా కనిపించాయి.

ఎమ్మారై ఎపిలెప్సీ ప్రోటోకాల్‌లో తీయించాం, కొత్త జ్ఞాపకాలని నిలబెట్టే హిప్పోకాంపస్ అనే చిన్న భాగానికి అడ్డంగా సన్నటి స్లైసులు ఉండాలి, మామూలు బ్రెయిన్ ఎమ్మారైతో సరిపెడితే ఇలాంటివాటిలో ఉపయోగం తక్కువ. ఎడమ టెంపోరల్ లోబ్ అడుగున లోపలివైపు, హిప్పోకాంపస్ పక్కనే, 12 మిల్లీమీటర్ల రింగు, రింగులో ఒక పక్కకి చిన్న చుక్క. ఆ చుక్కే పురుగు తల, స్కోలెక్స్ అంటాం, అది కనిపిస్తే ఇంక వాదన లేదు, ఎన్‌సీసీ ఖాయం. చుట్టూ వాపు హిప్పోకాంపస్ దాకా పాకి ఉంది. హిప్పోకాంపస్ సైజు మాత్రం రెండువైపులా సమానంగానే ఉంది, నాకు బాగా ఊరటనిచ్చిన విషయం అదే. పాత సీటీ మళ్ళీ తీసి చూస్తే కుడివైపు రెండు సున్నపు చుక్కలు కూడా ఉన్నాయి, అంటే పాత పురుగులు ఎప్పుడో చచ్చి గట్టిపడినవి, రిపోర్టులో వాటి ఊసు లేదు.

టీబీ గడ్డ కాదని ఎలా అంటే, 20 మిల్లీమీటర్ల కన్నా చిన్నది, మెదడుని పక్కకి నెట్టలేదు, అంచు గుండ్రంగా ఉంది, పైగా తల కనిపిస్తోంది. ఈ తేడా పట్టుకోవడం వెనక మన దక్షిణాది కథ ఒకటుంది. 1980ల్లో సీటీ మిషన్లు వచ్చిన కొత్తలో ఇండియాలో ఫిట్స్ పేషెంట్లలో ఇలాంటి చిన్న రింగులు తెగ కనిపించేవి, అన్నిటినీ టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడించేవాళ్ళు, కొన్నేమో మందులు లేకుండానే మాయమైపోయేవి, ఎవరికీ అర్థమయ్యేది కాదు. వెల్లూరు సీఎంసీలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ వాళ్ళు ధైర్యం చేసి ఆ మచ్చల్లోంచి ముక్క తీసి చూస్తే చాలావాటిలో ఉన్నది చచ్చిపోతున్న సిస్టిసెర్కస్, అంటే ఈ పురుగు పిల్ల తిత్తే. ఇన్నేళ్ళయినా రింగు కనిపించగానే టీబీ మందులు రాసే చేతులు ఇంకా ఉన్నాయి, ఈ ఫైల్లో ఆ చీటీ దానికి సాక్ష్యం.

రోగం పేరు చెప్పగానే వాళ్ళావిడ ముఖం మాడిపోయింది. "మేం గుడ్డు కూడా ముట్టమండీ, పంది మాంసం వల్ల వచ్చేది మాకెలా వస్తుంది?" ఈ ప్రశ్న ఓపీలో రోజూ వినేదే అయినా ప్రతిసారీ నిదానంగా చెప్పాల్సిందే, ఎందుకంటే ఊళ్ళో పరువు సమస్య. సరిగా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో బద్దె పురుగు, టీనియా సోలియం. ఆ మనిషికి పెద్దగా ఇబ్బందేమీ ఉండకపోవచ్చు, కానీ అతని మలంలో గుడ్లు వేలకి వేలు పోతుంటాయి, అవి చేతులు, నీళ్ళు, పచ్చి కూరగాయల మీదుగా వేరేవాళ్ళ నోట్లోకి వెళ్తే అప్పుడు పిల్ల పురుగు రక్తంలో పడి కండల్లోకి, కంట్లోకి, మెదడులోకి చేరి తిత్తి కట్టుకుంటుంది. మెదడులో తిత్తి రావాలంటే మాంసం తినక్కర్లేదు, పురుగు గుడ్డు నోట్లో పడితే చాలు. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో పంది మాంసం ఇంటి గడప తొక్కనివ్వని సనాతన యూదు కుటుంబాల్లో ఇదే రోగం వచ్చింది, ఇళ్ళల్లో పని చేసేవాళ్ళలో ఒకరికి బద్దె పురుగు ఉన్నట్టు తేలింది. వాట్సాప్‌లో తిరిగే "క్యాబేజీ పురుగు మెదడులోకి పాకింది" అనే వీడియో మాత్రం శుద్ధ అబద్ధం, క్యాబేజీ ఆకు తినే గొంగళిపురుగుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, క్యాబేజీ అయినా కొత్తిమీర అయినా మురుగు తగిలి, కడగకుండా పచ్చిగా తింటేనే సమస్య. ఇంట్లో నలుగురి మలపరీక్షా చేయించాం, ఎవరికీ ఏమీ లేదు. ఎక్కడ అంటిందో దొరకలేదు, చాలా కేసుల్లో దొరకదు, ఎందుకంటే గుడ్డు మింగిన ఏళ్ళ తర్వాత లక్షణాలు వస్తాయి. బ్రిటిష్ సైనికుల్లో ఇండియాలో పనిచేసి వెనక్కెళ్ళినవాళ్ళకి ఇలాగే ఏళ్ళు గడిచాక ఫిట్స్ మొదలయ్యేవి, అలాంటి 450 కేసుల మీద 1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ రాసిన రిపోర్టు ఇప్పటికీ చదవదగ్గదే.

ఇక అసలు సంగతి. ఈయన జ్ఞాపకాన్ని ఏం లాగేస్తోంది?

పురుగు మెదడుని తినడం మాత్రం కాదు. 2024 మేలో అమెరికాలో అప్పుడు అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న రాబర్ట్ ఎఫ్ కెన్నెడీ జూనియర్ సంగతి బయటికొచ్చింది గుర్తుందా, మతిమరుపు వచ్చి స్కాన్ తీస్తే మెదడులో చిన్న ముక్క తిని చచ్చిన పురుగు ఉందని ఒక డాక్టర్ అనుకున్నాడని ఆయన 2012లోనే ఒక కేసు వాంగ్మూలంలో చెప్పారు, ఆ తర్వాత వచ్చిన పేషెంట్లందరి నోటా ఇదే మాట. అదే వాంగ్మూలంలో ఆయనకి ఆ టైములో పాదరసం కూడా ఎక్కువగా ఉందని ఉంది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. టీనియా తిత్తి బతికున్నన్నాళ్ళు నిజానికి చాలా బుద్ధిగా ఉంటుంది, మన ఇమ్యూనిటీ కంట పడకుండా రసాయనాలు వదులుతూ ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా ఉండిపోతుంది. అది ముసలిదై చావడం మొదలుపెట్టాకే శరీరం దాన్ని గుర్తుపట్టి మీద పడుతుంది, వాపు వస్తుంది, ఫిట్స్ వస్తాయి. ఈయన రింగు ఆ దశలో ఉంది.

కాబట్టి మొదటి దొంగ వాపు, అదీ హిప్పోకాంపస్ పక్కన. కొత్త విషయం మెదడులో నిలబడాలంటే ఆ దారినే వెళ్ళాలి, ఇదే 12 మిల్లీమీటర్ల మచ్చ నుదుటి వైపు పైన ఉండుంటే బాకీలు చక్కగా గుర్తుండేవేమో. రెండోది ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్న ఫిట్స్, అవి వచ్చిన నిమిషమే కాదు, తర్వాత పావుగంట, అరగంట కూడా కొత్తవి ఎక్కవు, రోజుకి ఒకటో రెండో వస్తే రోజులో ఎంత పోతుందో మీరే లెక్కేసుకోండి, పైగా నిద్రలో వచ్చే స్పైకులు పగలు నేర్చుకున్నది గట్టిపడే టైముని పాడుచేస్తాయి. మూడోది ఫినోబార్బిటోన్, చవకైన మంచి మందే, దాని మీద నాకు కోపం లేదు, కానీ మగతా, ఆలోచనలో మందకొడితనం తెస్తుంది, అటువైపు ఈ రకం ఫిట్స్‌ని పూర్తిగా ఆపనూ లేదు, అంటే నష్టం నికరంగా, లాభం అరకొరగా. నాలుగోది మనసు: గొడవలు, అవమానం, కొట్టు పోతుందన్న భయం. డిప్రెషన్ అన్న డాక్టర్ తప్పు చెప్పలేదు, అది ఒక్కటే అనుకోవడమే తేడా. ఇందులో నాకు బరువుగా కనిపించింది రెండోది, ఆ తర్వాత మొదటిది. సీసీ ఫుటేజీ లేకపోతే ఆ మాట అంత గట్టిగా అనగలిగేవాణ్ణి కాదు.

ఇంత విడదీయడం దేనికంటే ఆశ ఎంత పెట్టుకోవచ్చో అందులోనే ఉంది. మెక్సికోలో 90 మంది ఎన్‌సీసీ పేషెంట్లని వైద్యానికి ముందు పరీక్షిస్తే 15.5 శాతం మంది డిమెన్షియా లెక్కలోకి వచ్చారు, ఆర్నెల్ల తర్వాత చూస్తే వాళ్ళలో నాలుగింట మూడొంతుల పైన ఆ లెక్కలోంచి బయటపడ్డారు, ఇది 2005 నాటి మాట. అల్జీమర్స్‌లో ఇలాంటిది కలలో కూడా జరగదు. కానీ ఏళ్ళ తరబడి ఫిట్స్ వస్తూ హిప్పోకాంపస్ కుంచించుకుపోతే అప్పుడు తిరిగొచ్చేది తక్కువ, సున్నపు చుక్కలున్నవాళ్ళలో హిప్పోకాంపస్ చిన్నదవడం ఈక్వెడార్‌లో అతహువల్ప అనే పల్లెలో చేసిన పనిలోనూ, బ్రెజిల్ ఎపిలెప్సీ పేషెంట్లలోనూ కనిపించింది, ఫిట్స్ వల్ల కుంచించుకుపోతుందా, పురుగు వాపు వల్లా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఈయన హిప్పోకాంపస్ ఇంకా నిండుగా ఉంది కాబట్టి త్వరపడాలి.

"పురుగు మందు ఈరోజే మొదలుపెట్టండి సార్" అని అబ్బాయి పట్టు. ఎన్‌సీసీలో ఆల్బెండజోల్ ఎమర్జెన్సీ కాదు, ఇది రాసి గోడకి అంటించుకోవాల్సిన మాట. పురుగు ఒక్కసారిగా చస్తే వాపు పెరుగుతుంది, ముందు స్టెరాయిడ్ రక్షణ ఉండాలి, కంటి లోపల తిత్తి లేదని కళ్ళ డాక్టర్ చూసి చెప్పాలి, కంట్లో ఉండగా ఈ మందు వేస్తే చూపే పోవచ్చు. స్టెరాయిడ్ ముందు స్ట్రాంగిలాయిడిస్ లాంటి వేరే పురుగులేమన్నా ఉన్నాయేమో కూడా చూసుకోవాలి. ఇంకో చిక్కు, ఫినోబార్బిటోన్, ఫెనిటోయిన్, కార్బమజిపైన్ మూడూ రక్తంలో ఆల్బెండజోల్ లెవెల్ తగ్గించేస్తాయి. అందుకని ముందు లెవెటిరసెటామ్ అనే వేరే ఫిట్స్ మందు మొదలుపెట్టి ఫినోబార్బిటోన్ మెల్లగా దించుకుంటూ వచ్చాం, దాన్ని ఒక్కరోజులో ఆపేస్తే ఫిట్స్ వరసగా పట్టుకుని ఐసీయూకి వెళ్ళాల్సి వస్తుంది, ఎవరూ ఇంట్లో ఆ ప్రయోగం చేయకండి. రెండు వారాలకి డోసు 30కి వచ్చాక, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఒంటి బరువు కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున మొదలుపెట్టి, తర్వాత ఆల్బెండజోల్ 400 పొద్దున, 400 రాత్రి, పది రోజులు. ఖాళీ కడుపున కాదు, కొవ్వుతో తింటేనే బాగా ఎక్కుతుంది, కాబట్టి పప్పన్నంలో నెయ్యి దండిగా వేసుకుని తినమన్నాం, కేసు మొత్తంలో ఆయన నవ్విన సలహా ఇదొక్కటే.

నాలుగోరోజు తలనొప్పి, ఒకసారి వాంతి. ఇంట్లో గాభరా, మందు పడలేదేమో ఆపేద్దామని ఫోన్. ఇది పురుగు చస్తున్నప్పటి వాపు, ముందే చెప్పి ఉంచాం కాబట్టి ఆపలేదు, తీసుకొస్తే చూసి కంటి నరం బాగుందని నిర్ధారించుకుని స్టెరాయిడ్ కొంచెం పెంచాం, రెండ్రోజుల్లో సర్దుకుంది. షుగర్ మాత్రం 240 దాకా ఎగబాకింది, స్టెరాయిడ్ అయిపోయేదాకా దానికి విడిగా టాబ్లెట్ వేయాల్సొచ్చింది. స్టెరాయిడ్ మీద ఉన్నన్నాళ్ళు మెమరీ టెస్టు చేయలేదు, నిద్ర చెడగొట్టి మనిషిని హుషారుగా, తిక్కగా చేసే మందు అది, అప్పటి మార్కులకి విలువ లేదు.

లెవెటిరసెటామ్‌తో ఫిట్స్ తగ్గాయి కానీ మనిషి మారిపోయాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడనాయన చిల్లర విషయంలో ఒక పిల్లాడి మీద కాటా రాయి ఎత్తారట. ఇది ఆ మందు చేసే పనే, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. బ్రివరసెటామ్‌కి మార్చాం, వారంలో ఇంట్లోవాళ్ళే తేడా చెప్పారు. రెండో నెల చివరికి సీసీ ఫుటేజీలో ఒక్కటి కూడా దొరకలేదు. ఫుటేజీ చూసే డ్యూటీ అబ్బాయిదే, వాడికి విసుగొచ్చేసింది పాపం.

ఆర్నెల్లకి ఏసీఈ 86: మెమరీ 11 నుంచి 20కి, పదాలు చెప్పడం 7 నుంచి 10కి, అటెన్షన్ 17, భాష 24, బొమ్మలు 15. పదిహేను పదాల లిస్టులో అరగంటాగి 2 చెప్పినాయన ఇప్పుడు 7 చెప్పారు. డిప్రెషన్ స్కోరు మామూలుకి వచ్చేసింది, దానికి విడిగా మందే వేయలేదు. ఎమ్మారైలో రింగు లేదు, వాపు లేదు, సీటీలో మాత్రం ఆ చోట ఒక చిన్న సున్నపు చుక్క మిగిలింది.

పూర్తిగా బాగైపోయింది అని రాయలేను. ఒక చిన్న కథ చదివి వినిపించి అరగంటకి అడిగితే చెప్తారు, వారం తర్వాత ఫోన్ చేసి అడిగితే కథ విన్న సంగతి గుర్తుంటుంది, అందులో ఏముందో ఉండదు. టెంపోరల్ లోబ్ ఫిట్స్ ఉన్నవాళ్ళలో ఇలా నెమ్మదిగా జారిపోయే మరుపు ఒకటుంది, మామూలు టెస్టులన్నీ అరగంటతో ఆగిపోతాయి కాబట్టి దొరకదు, పేషెంట్ "గుర్తుండట్లేదు" అంటే మనం "టెస్టు నార్మల్ కదా" అని దబాయిస్తాం. కొట్లో దీనికి మా సైకాలజిస్టు చేయించిన మార్పు సింపుల్: బాకీ కట్టినవాళ్ళ ఎదురుగానే పుస్తకంలో కొట్టేసి వాళ్ళచేత పొడి సంతకం పెట్టించడం, యూపీఐ అయితే సౌండ్ బాక్స్ అరిచేదాకా సరుకు ఇవ్వకపోవడం, హోల్‌సేల్ ఆర్డర్ నోటితో కాకుండా వాట్సాప్‌లోనే పెట్టడం. మెమరీ టానిక్ మాన్పించాం, నెలకి అదో ఖర్చు.

ఎనిమిదో నెల్లో తిరుమల వెళ్ళారు, క్యూలో రాత్రంతా నిద్ర లేదు, టాబ్లెట్లు రూములో బ్యాగులో ఉండిపోయాయి, తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక పెద్ద ఫిట్. దగ్గర్లో చూపిస్తే "పురుగు మళ్ళీ వచ్చింది" అని ఇంకో కోర్సు ఆల్బెండజోల్ రాశారు, అదృష్టం కొద్దీ వేసుకునే ముందు ఫోన్ చేశారు. ఎమ్మారైలో ఆ సున్నపు చుక్క చుట్టూ వాపు కనిపించింది. చుక్క అంటే చచ్చిన పురుగు, చచ్చినదాన్ని మళ్ళీ చంపే మందు లేదు, ఆల్బెండజోల్ దండగ. కానీ ఆ చచ్చిన చుక్క చుట్టూ అప్పుడప్పుడు వాపు లేస్తుంది, సున్నపు చుక్కలుండి మళ్ళీ ఫిట్స్ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందిలో ఇది కనిపిస్తుంది. నిద్ర, టాబ్లెట్లు సరిచేశాం అంతే, వాపు తగ్గిపోయింది. ఆ నెల మెమరీ మార్కులు కొంచెం పడ్డాయి, తర్వాత మళ్ళీ పైకొచ్చాయి, ఏడాదికి ఏసీఈ 88.

చుక్క మిగలకుండా రింగు మాయమై, ఫిట్స్ లేకుండా ఆర్నెల్లు గడిస్తే ఫిట్స్ మందు ఆపే ఆలోచన చేయొచ్చు. ఈయనకి చుక్క ఉంది, మధ్యలో ఒక ఫిట్ వచ్చింది, కాబట్టి బ్రివరసెటామ్ ఇంకా ఏళ్ళే. స్కూటర్ తాళం అబ్బాయి దగ్గరుంది, ఆయనకి దాని మీదే అలక, పక్క ఊరి సంతకి బస్సులో వెళ్ళాల్సొస్తోందని ప్రతిసారీ ఫిర్యాదు. ఫిట్స్ లేకుండా రెండేళ్ళు నిండనివ్వండి, నిద్రలో ఈఈజీ ఇంకోసారి తీసి, హిప్పోకాంపస్ సైజు మళ్ళీ కొలిచి, అప్పుడు టాబ్లెట్ సంగతీ స్కూటర్ సంగతీ కలిపి మాట్లాడదాం అన్నా.